తెలియదని చెప్పుకోగల ఇల్లు

ఇంటర్ ఫలితాలు వచ్చాక నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా, గురజాలలోనైనా తల్లిదండ్రులు నన్ను అడిగేది ఇదే: "సార్, మావాణ్ణి కంప్యూటర్ సైన్సులో చేర్చమంటారా? ఈ ఏఐ వల్ల ఆ ఉద్యోగాలు కూడా పోతాయంటున్నారు." అప్పు తెచ్చి ఫీజు కట్టేవాళ్లకు ఈ భయం ఉండటం సహజం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చేనాటికి హైస్కూల్లో ఉన్న పిల్లలే ఇప్పుడు కాలేజీ గడప తొక్కుతున్నారు. పదేళ్ల తర్వాత ఏ కోర్సుకు గిరాకీ ఉంటుందో నేను చెప్పలేను. ఖాయంగా చెబుతామనేవాళ్ల మాట మీద పొలం తాకట్టు పెట్టకండి.

ఉన్న పని మాయమైపోవడం మన పల్నాటికి కొత్త కాదు. 1895లో వినుకొండలో పుట్టిన కవి గుర్రం జాషువా కుర్రతనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశారు. తెర మీద బొమ్మ కదులుతుంటే కథనూ మాటలనూ పక్కనుంచి గొంతెత్తి చదవడం ఆ పని. 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు తెర తానే మాట్లాడటం మొదలుపెట్టింది. అలాంటి ఉద్యోగం ఒకటి ఉండేదని కూడా ఇప్పటి పిల్లలకు తెలియదు. ఆయన మాత్రం పంతులుగా తెలుగు చెప్పుకుంటూ, 1941లో 'గబ్బిలం' రాశారు. కాబట్టి మరీ బెంగపడకండి.

ఆ బెంగను మనం ఇంట్లో ఎలా బయటపెడుతున్నామో మాత్రం ఒకసారి చూసుకుందాం. అన్నం దగ్గర కూర్చుని, "ఇలా చదివితే రేపు నీ పని మిషన్ చేసేస్తుంది" అంటాం. జాగ్రత్త చెప్పామనుకుంటాం. పద్నాలుగేళ్ల పిల్లకు మాత్రం తాను బరిలో దిగకముందే ఓడిపోయినట్టు వినిపిస్తుంది. ఆ రాత్రే ఒక లెక్క రాదు. నాన్నను అడిగితే "ఇంత ఫీజు కట్టినా ఇది కూడా రాదా" అంటాడేమో. క్లాసులో అడిగితే పక్కవాళ్లు నవ్వుతారు. ఫోన్‌ను అడిగితే విసుక్కోదు, మేనమామ కూతురితో పోల్చదు, పదోసారి అడిగినా చెబుతుంది. ఆ జవాబు నోట్సులోకి దింపుకుని పడుకుంటుంది. బద్ధకం అంటాం మనం. అలాంటి పిల్లల్లో నాకు ఎక్కువగా కనబడేది సిగ్గు, మనల్ని బాధపెడతామన్న భయం.

ఫోన్‌ను అడిగి నేర్చుకోవడం తప్పేమీ కాదు. నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడటానికి జంకే పిల్లకు అది మంచి తోడు కూడా. కానీ మన దగ్గర అడగలేక దాని దగ్గరకు వెళుతుంటే, ఫోన్ లాక్కున్నంత మాత్రాన మన దగ్గరకు రాదు. అలాగే జవాబు దింపుకోవడం అలవాటైతే, రాని లెక్క ముందు ఓపికగా కూర్చునే శక్తి పెరగదు. రేపు ఏ పనిలోకి వెళ్లినా ఆ ఓపిక లేకుండా కుదరదు.

ఏం చెయ్యాలో తెలియని రోజులు మనకూ వచ్చాయి. 2021లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడటం గుర్తుంది కదా? ఎన్ని మందులు కొట్టినా ఆగక తోటలు పీకేసినవాళ్లున్నారు. అది ఏం పురుగో మనకెవరికీ ముందు తెలియలేదు. పక్క రైతును అడిగాం, మందుల కొట్లో అడిగాం, వ్యవసాయాధికారిని అడిగాం. ఆ కథలో ఎంత నష్టం వచ్చిందో పిల్లలకు చెప్పే ఉంటాం. ఏం చెయ్యాలో తోచక గట్టు మీద కూర్చున్న రోజుల సంగతి చెప్పామా? అదీ చెప్పండి. నాన్నకూ తెలియని రోజులున్నాయని, అడిగితే నామోషీ కాలేదని పిల్లలు మన నోటి నుంచే వినాలి.

ఒక ఆదివారం ఫోన్ దగ్గర పెట్టుకుని మీరూ మీ బిడ్డా కూర్చోండి. మిరప ఆకుముడత గురించి తననే దాన్ని అడగమనండి. వచ్చిన జవాబులో ఏది నిజమో, ఏది మన నేలకు పనికిరాదో మీ అనుభవంతో మీరు చెప్పండి. అది తప్పు చెప్పినా ధీమాగానే చెబుతుందని తనకే అర్థమవుతుంది. లెక్కల దగ్గరైతే, ముందు తాను చేసి, ఎక్కడ ఆగిపోయిందో మీకు చూపించమనండి. మీకు ఆ లెక్క రాకపోయినా పర్వాలేదు, చివరిదాకా వినండి. ఆ పూట మార్కుల ఊసు ఎత్తకండి. మొదట్లో అనుమానంగా చూస్తుంది, ఇదీ ఒక పరీక్షే అనుకుంటుంది. నమ్మకం కుదరడానికి వారాలు పట్టవచ్చు.

కోర్సు సంగతి కౌన్సెలింగ్‌కు ముందు తీరిగ్గా మాట్లాడుకుందాం. ఆ రోజు బిడ్డను కూడా వెంట తీసుకురండి. ముందు తననే మాట్లాడనిద్దాం.