నడివయసు – ఇంటి పద్దు

పాఠ్యభాగ ఉద్దేశం

నడివయసులో కుటుంబ ఆర్థికస్థితిని చక్కదిద్దుకొనే మార్గాలను తెలపడం, ఇంటి లెక్కను దాచక ఇంటిల్లిపాదీ పంచుకోవలసిన అవసరాన్ని విద్యార్థులకు బోధపరచడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఉగాదినాటి పంచాంగ శ్రవణంలో శ్రోతలు చెవులు రిక్కించి వినే ఘట్టం రాశులవారీ ఆదాయ వ్యయాలది. ఆదాయం 2, వ్యయం 14 అని విన్నవారు దిగులుపడతారు. ఆదాయం 14, వ్యయం 2 అని విన్నవారు మురిసిపోతారు. గ్రహాల లెక్కను ఏడాదికొకసారి ఇంత శ్రద్ధగా వినే గృహస్థులలో, తమ ఇంటి ఆదాయ వ్యయాలను నెలకొకసారైనా కాగితంపై పెట్టి చూసుకొనేవారు అరుదు. ఈ ఉపేక్ష ఫలితం యౌవనంలో కనిపించదు, నడివయసులో బయటపడుతుంది.

మన పెద్దలు పురుషార్థాలు నాలుగని చెప్పి, అర్థాన్ని ధర్మానికీ కామానికీ నడుమ నిలిపారు. ధనాన్ని వారు నిరసించలేదు. ధర్మం తప్పక ఆర్జించి, కోరికలకు హద్దెరిగి వినియోగించాలన్నదే ఆ క్రమంలోని భావం. ఇంటి ధనాన్ని సంరక్షించడం లోభం కాదు. గృహస్థ ధర్మంలో భాగం.

నలభై దాటిన గృహస్థుపై రెండు తరాల భారం ఒక్కసారిగా పడుతుంది. ఒకవైపు వృద్ధులైన తల్లిదండ్రుల వైద్యం, మరొకవైపు పిల్లల చదువులు, పెండ్లిండ్లు. వీటి నడుమ ఇంటి కోసం తెచ్చిన అప్పు. ఆ వయసుకు రాబడి పెరిగినా, పరువు పేరిట జరిగే ఖర్చు దానికంటే ముందు నడుస్తుంది. ఒక అప్పు తీర్చడానికి మరొక అప్పు పుడుతుంది. ఇంతటి చిక్కులో ఉన్నవాడు తన స్థితిని ఆలుబిడ్డలకు చెప్పడానికి సంకోచిస్తాడు. దాచిన రోగం ముదిరినట్లే దాచిన అప్పు కూడా ముదురుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. జిల్లా కేంద్రంలో నివసించే నలభై అయిదేళ్ల ఉద్యోగి ఒకడు చెల్లెలి పెండ్లికి తెలిసినవారి వద్ద 2,00,000 రూపాయలు అప్పు తెచ్చాడనుకొందాం. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. వినడానికి రెండు రూపాయలే కాని, ఏడాదికి అది 24 శాతం. అంటే 48,000 రూపాయలు. ఈ అప్పు సంగతి భార్యకు తెలియదు. ఆమె ఇంటిఖర్చులో మిగిల్చి, కుమార్తె చదువుకని బ్యాంకులో 2,00,000 రూపాయలు డిపాజిటు చేసింది. ఆ సంగతి అతనికి తెలియదు. డిపాజిటుపై 7 శాతం చొప్పున ఏడాదికి వచ్చేది 14,000 రూపాయలు. ఒకే కప్పు కింద ఒకరు 24 శాతం వడ్డీ చెల్లిస్తుండగా మరొకరు 7 శాతానికి సొమ్ము దాస్తున్నారు. దంపతులిద్దరూ మంచివారే, ఇద్దరూ కష్టపడేవారే. అయినా ఏటా 34,000 రూపాయలు ఇంటినుంచి జారిపోతున్నాయి.

ఈ రెండు పద్దులూ ఒక కాగితంమీదికి వచ్చిననాడు మార్గం కనిపిస్తుంది. డిపాజిటులో 50,000 రూపాయలు ఆపదకు అట్టేపెట్టి, తక్కిన 1,50,000 రూపాయలతో అప్పులో ఆ మేరకు తీర్చవచ్చు. అప్పుడు ఏటా 36,000 రూపాయల వడ్డీ తప్పుతుంది. పోగొట్టుకొనే బ్యాంకు వడ్డీ 10,500 రూపాయలు మాత్రమే. జీతం ఒక్క రూపాయి పెరగకుండానే ఏడాదికి 25,500 రూపాయలు మిగులుతాయి. ఆ మిగులుతో శేషించిన బాకీ తీరుతుంది. అధిక వడ్డీ అప్పును ముందు తీర్చడం ఆర్థిక క్రమశిక్షణలో మొదటి సూత్రం. క్రెడిట్ కార్డు బకాయిపై సాధారణంగా నెలకు నూటికి మూడు రూపాయలో, అంతకు మించో వడ్డీ పడుతుంది. కనుక దానిని అన్నింటికంటే ముందు వదిలించుకోవాలి.

రెండవ సూత్రం కాలం విలువ నెరగడం. నెలకు 5,000 రూపాయల చొప్పున దాస్తూ, 8 శాతం వార్షిక వడ్డీ నెలనెలా అసలులో కలుస్తుందనుకొంటే, నలభై అయిదో ఏట మొదలుపెట్టినవారికి అరవయ్యో ఏటికి దాదాపు 17,30,000 రూపాయలు సమకూరుతాయి. యాభయ్యో ఏట మొదలుపెట్టినవారికి దక్కేది సుమారు 9,15,000 రూపాయలే. అయిదేళ్ల జాగు ఫలితాన్ని ఇంచుమించు సగానికి తగ్గించింది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

పూర్వం ప్రభుత్వోద్యోగి పింఛను కోసం తన జీతంలో భాగం చెల్లించవలసిన పని లేదు. 2004 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వంలోను, అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోను కొత్తగా చేరినవారికి, ఉద్యోగి కూడ నెలనెలా తన వాటా జమచేసే విధానం వచ్చింది. 2009 మే నుంచి ఈ జాతీయ పింఛను పథకంలో ఇతర పౌరులకూ ప్రవేశం లభించింది. చిన్న వర్తకునికి, చేతివృత్తివారికి జీతంలో కోతపెట్టి దాచే యజమాని ఉండడు. వారు తమకు తామే ఆ నియమం విధించుకోవాలి. 1968లో ప్రారంభమైన పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ గడువు పదిహేనేళ్లు. నలభై అయిదో ఏట ఖాతా తెరిస్తే ఇంచుమించు అరవయ్యో ఏటికి అది చేతికందుతుంది.

ఆలస్యంగా మేలుకొన్నవారికి తొందర సహజం. ఆ తొందరలో అధిక వడ్డీ ఆశచూపేవారి వలలో పడి ఉన్నదీ పోగొట్టుకొన్న కుటుంబాలు ఎన్నో. పరుగెత్తి పాలు తాగేకంటె నిలబడి నీళ్లు తాగడం మేలు. బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి, అసలు వడ్డీ కలిపి, 5,00,000 రూపాయల వరకు బీమా రక్షణ ఉంది. చీటీ వేసేవారు అది 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం రిజిస్టరయినదో లేదో విచారించాలి. మొహమాటానికి పరుల అప్పుకు పూచీ సంతకం చేయరాదు. సంపాదించేవాని పేర జీవితబీమా, ఇంటిల్లిపాదికీ ఆరోగ్యబీమా ఉండాలి. ప్రతి ఖాతాలో నామినీ పేరు నమోదు చేయాలి. ఏ పత్రం ఎక్కడున్నదో ఇంట్లో మరొకరికి తెలియాలి. లేకుంటే, హఠాత్తుగా యజమానిని కోల్పోయిన ఇల్లు దుఃఖంతోపాటు తెలియని అప్పులనూ మోయవలసి వస్తుంది.

లెక్క నలుగురికీ తెలిసినప్పుడు కలిగే బలానికి తెలుగునేలపైనే నిదర్శనముంది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు ఆరంభించిన సారా వ్యతిరేకోద్యమం విస్తరించి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషేధానికి దారితీసింది. ఆ జిల్లాలోనే మహిళలు రోజుకొక రూపాయి చొప్పున కూడబెట్టి పొదుపు సంఘాలు నడిపారు. ఆ సంఘాలకు ఆధారం రూపాయి ఒక్కటే కాదు. సమావేశంలో అందరి ఎదుటా చదివి వినిపించే లెక్కల పుస్తకం కూడ. ఎవరెంత దాచారో, ఎవరెంత బాకీ ఉన్నారో అక్కడ అందరికీ తెలుసు. సంఘానికి మేలుచేసిన ఆ పద్ధతి సంసారానికి చేటు చేయదు.

ఈ విషయం విద్యార్థులకూ సంబంధించినదే. కళాశాల రుసుము కోసం తండ్రి ఎక్కడ సంతకం చేశాడో, తల్లి గాజులు ఏ బ్యాంకులో తాకట్టులో ఉన్నాయో పిల్లలకు తెలియడం వారి మనసు నొప్పించడం కాదు. వారిని ఇంటి బాధ్యతలో భాగస్వాములను చేయడం. తెలిసిన పిల్లలు కోరికను అవసరం నుంచి వేరు చేయడం నేర్చుకొంటారు. తెలియని పిల్లలు ఇంటికి మించిన కోరిక కోరి, అది తీరనప్పుడు తల్లిదండ్రులను నిందిస్తారు. నెలకొక సాయంత్రం కుటుంబమంతా కూర్చొని ఇంటి పద్దు చదువుకొనే ఇంట్లో అప్పు ఉండవచ్చు. కాని దానిని ఒక్కరే మోయవలసిన అవస్థ ఉండదు.

కఠిన పదాలు – అర్థాలు

ఉపేక్ష = పట్టించుకోకపోవడం
పద్దు = లెక్కలో రాసిన అంశం, జమాఖర్చు
శేషించిన = మిగిలిన
జాగు = ఆలస్యం
పూచీ = హామీ
వార్షిక = ఏడాదికి సంబంధించిన

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. నడివయసులో ఇంటి ఆర్థికస్థితిని చక్కదిద్దుకొనే మార్గాలను వివరించండి.
2. ఇంటి లెక్క అందరికీ తెలియడంవల్ల కలిగే ప్రయోజనాలను పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. ఉదాహరణలోని దంపతులు ఏటా నష్టపోతున్న తీరును తెలపండి.
2. పొదుపు విషయంలో అయిదేళ్ల జాగు ఎట్టి నష్టం కలిగిస్తుంది?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ ఏడాదికి ఎంత శాతం?
2. దూబగుంట ఏ జిల్లాలో ఉంది?