కృత్రిమ మేధ – వార్తకు జవాబుదారీ ఎవరు?

(హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. జర్నలిజం)

మనిషి బుద్ధితో చేసే పనులను కంప్యూటర్ చేత చేయించే విజ్ఞానాన్ని కృత్రిమ మేధ అంటున్నాము. నాలుగు మాటలు టైపు చేస్తే అది వ్యాసం రాసిస్తుంది, ఎక్కడా జరగని దృశ్యాన్ని ఫోటోలా చేసి చూపిస్తుంది. 2023 జూలైలో బిగ్ టీవీ 'మాయ' అనే యాంకర్ చేత తెలుగులో వార్తలు చదివించింది. మాయ మనిషి కాదు, కంప్యూటర్ బొమ్మ. వార్త తప్పయితే ఆమెను నిలదీయలేము. నిలదీసినా నవ్వుతూనే ఉంటుంది!

సోదర విద్యార్థులారా, మన చెంగిచెర్లలో అడవి ఉన్నట్లే నగరానికి అటు చివర, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకొని కంచ గచ్చిబౌలిలో చెట్లు, బండలు ఉన్న 400 ఎకరాల భూమి ఉంది. 2025 మార్చి 30న, ఉగాది నాడు, అక్కడికి బుల్డోజర్లు వచ్చాయి. విద్యార్థులు అడ్డుకున్నారు. బుల్డోజర్ల ముందు పరుగెత్తే జింకలు, నెమళ్ల బొమ్మలు అందరి ఫోన్లలోకీ వచ్చిపడ్డాయి. వాటిలో కొన్ని కృత్రిమ మేధతో తయారైనవి.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. హైకోర్టు రిజిస్ట్రార్ స్వయంగా వెళ్లి చూసి పంపిన నివేదికలో సుమారు 100 ఎకరాలు చదును చేశారని, అక్కడ నెమళ్లు, జింకలు కనిపించాయని ఉంది.

అంటే జింకలు నిజంగానే ఉన్నాయి. ఒక విలేకరి ఓపికగా కెమెరా పట్టుకొని నిలబడితే దొరికే సాక్ష్యం అది. దాని బదులు యంత్రం చేసిన బొమ్మలు తిరిగేసరికి చర్చ చెట్ల మీద నుంచి బొమ్మల మీదికి మళ్లింది. ప్రభుత్వం నకిలీ దృశ్యాలపై చర్యలకు ఆదేశించింది, పోలీసులు కేసులు పెట్టారు. నిజమైన ఫోటోను కూడా "అది ఏఐ" అని తోసిపుచ్చే వీలు దొరికింది. నకిలీ బొమ్మ వల్ల జరిగిన అసలు నష్టం ఇదేనని నా అభిప్రాయం.

చట్టం సంగతికొస్తే, కార్టూన్ తరహాలో ఉన్న ఒక బొమ్మను తిరిగి పంచుకున్నందుకు ఐ.ఏ.ఎస్. అధికారి స్మితా సబర్వాల్ గారికి పోలీసులు నోటీసు ఇచ్చారు. అలాగే పంచుకున్న 2000 మందిపైనా ఇదే చర్య తీసుకుంటారా అని ఆమె ప్రశ్నించారు. న్యాయమైన ప్రశ్నే. కార్టూన్ వేరు, ఫోటో అని నమ్మించే బొమ్మ వేరు. ఆ తేడా చూడకుండా కేసు పెడితే రేపు వ్యంగ్య చిత్రకారుడూ భయపడతాడు.

పత్రిక చివరి పేజీ అడుగున ఎడిటర్ పేరు, ప్రచురణకర్త పేరు చిన్న అక్షరాలలో ఉంటాయి. తప్పు రాస్తే జవాబు చెప్పేది వారే. వార్త యంత్రం రాసినా ఆ బాధ్యత వారిదే కావాలి. 1978 చట్టం కింద ఏర్పడిన ప్రెస్ కౌన్సిల్ పత్రికలను మందలించగలదు గాని శిక్షించలేదు, టీవీ చానళ్లు దాని పరిధిలోకే రావు. ఇక పత్రికల వార్తలను అడగకుండా తీసుకొని యంత్రానికి నేర్పవచ్చా అనేది మరో తగాదా. దానిపై 2024 నవంబరులో ఏ.ఎన్.ఐ. వార్తాసంస్థ ఓపెన్ ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది.

2026 ఫిబ్రవరి 20 నుంచి అమలులోకి వచ్చిన ఐ.టి. నిబంధనల ప్రకారం కృత్రిమంగా చేసిన దృశ్యంపై ఆ సంగతి తెలిపే గుర్తు ఉండాలి. మంచిదే. కాని మా నాన్నకు సంతకం తప్ప చదువు రాదు. మా ఇంట్లో డిగ్రీ దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. మొన్న ఊరికి పోతే నాన్న ఫోన్లో ఒక వరద వీడియో చూపించి, "గిది మన దిక్కేనా బిడ్డా?" అని అడిగాడు. మూలన ఇంగ్లీషులో ఏఐ అని చిన్నగా ఉంది. చదివి చెప్పాను.

"మరి నువ్వు లేనప్పుడెట్ల?" అన్నాడు.

ఏ వీడియో వచ్చినా ముందు నాకు పంపమన్నాను. ఇప్పుడు రోజుకు నాలుగైదు వస్తున్నాయి.