మలాజ్ ఎండలో కుక్క కూలబడితే

రియాద్‌లోని మలాజ్‌లో వేసవి మధ్యాహ్నం 45 డిగ్రీలు మామూలే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా 12 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని సౌదీ ప్రభుత్వమే నిషేధం పెట్టింది. మనుషులకే అలా ఉంటే, ఒంటినిండా బొచ్చుతో, ముఖ్యంగా రొప్పడం ద్వారా వేడి వదిలించుకునే కుక్క సంగతి చెప్పేదేముంది? రెడ్ క్రెసెంట్ వారి అంబులెన్స్ నంబరు 997 ఉన్నది మనుషుల కోసం. పశువైద్యుడి దగ్గరికి చేర్చేదాకా ప్రాణం నిలపాల్సింది మనమే.

1. శ్వాస చూడండి
పేరు పెట్టి పిలవండి, తట్టండి. ఉలుకూ పలుకూ లేకపోతే ఛాతీ కదలికను గమనించండి. 10–15 సెకన్లు చాలు. నాడి కోసం వెతకొద్దు. ఉండుండి నోరు తెరిచి ఎగబీల్చడం శ్వాస కింద లెక్క కాదు.

2. శ్వాస ఉంటే చల్లార్చండి
ముందు చల్లార్చడం, ఆ తర్వాతే ప్రయాణం. నీడలోకి తెచ్చి ఒళ్లంతా తడపండి, ఫ్యాన్ పెట్టండి. రియాద్ గాలి పొడిది కాబట్టి తడి త్వరగా ఆరి వేడిని లాగేస్తుంది. అయితే మేడమీది ట్యాంకు కాగిపోయి కుళాయిలో వేడినీళ్లే వస్తాయి. వేసవిలో స్విచ్ ఆపేసిన గీజరులోని నీళ్లో, ఫ్రిజ్ నీళ్లో వాడండి. తడి తువ్వాలు కప్పి ఉంచితే వేడి లోపలే ఉండిపోతుంది. మలద్వారంలో పెట్టిన థర్మామీటర్ 39.5 చూపగానే ఆపేయండి. మత్తుగా ఉంటే నోట్లో నీళ్లు పోయొద్దు.

3. శ్వాస లేకపోతే ఛాతీ నొక్కండి
పక్కకు పడుకోబెట్టండి. కుక్కలు, పిల్లుల గుండె ఆగినప్పుడు ఏం చేయాలో చెప్పే, 2012లో వచ్చి 2024లో సవరించిన ‘రికవర్’ మార్గదర్శకాల ప్రకారం నిమిషానికి 100–120 సార్లు, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా నొక్కాలి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. గుండ్రటి ఛాతీ ఉన్న పెద్ద కుక్కకు బాగా ఎత్తుగా ఉన్నచోట, సలూకీ లాంటి సన్నటి ఛాతీ కుక్కకు మోచేయి వెనక, గుండె మీదే నొక్కండి. బుల్‌డాగ్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ లోతులో నాలుగో వంతు నొక్కితే చాలు. పిల్లికైతే ఒక చేత్తో బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు మరోవైపు ఉంచి నొక్కండి.

4. ఊపిరి ఊదండి
30 నొక్కుళ్లకు రెండు ఊపిర్లు. మెడ చాచి, నోరు మూసి, ముక్కులోకి ఛాతీ లేచేంత ఊదండి. వీధి జంతువైతే ఊదకుండా నొక్కడమే మేలు.

5. రెండు నిమిషాలకోసారి మనిషి మారండి
ఒక్కరే నొక్కితే బలం తగ్గుతుంది. మారేటప్పుడే శ్వాస చూసుకుని, ఆలస్యం చేయకుండా మళ్లీ మొదలుపెట్టండి. మరొకరు ఆసుపత్రికి ఫోన్ చేసి బండి సిద్ధం చేయాలి.

6. కోలుకున్నా ఆసుపత్రికి వెళ్లండి
వడదెబ్బ తర్వాత మూత్రపిండాలు, మెదడు, రక్తం గడ్డకట్టే తీరు గంటల తర్వాత కూడా దెబ్బతినొచ్చు.

ఛాతీ నొక్కే పద్ధతిని దిండు మీద సాధన చేయండి, ఆరోగ్యంగా ఉన్న జంతువు మీద ఎప్పుడూ వద్దు. ఆగిన గుండె ఇంటి దగ్గర మళ్లీ కొట్టుకోవడం అరుదు. రెండో మెట్టు దగ్గరే కాపాడే అవకాశం ఎక్కువ. అందుకే థర్మామీటర్, చల్లటి నీళ్లు, రాత్రిపూట కూడా తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు ఈరోజే సిద్ధం చేసుకోండి.