చెల్లీ, ఒక్క స్టార్ ఇచ్చి వదిలేయకు

చెల్లీ, కొత్త డిజైన్ యాప్ వచ్చిందంటే అందరికన్నా ముందు నువ్వే డౌన్‌లోడ్ చేసుకుంటావు. పెళ్లి కార్డులు, సీమంతం పిలుపులు, రీల్స్ మీద రాతలు అన్నీ ఫోన్లోనే చేసేస్తావు. నాకది ఎంతో ముచ్చట. కానీ ఆ యాప్ తెలుగు అక్షరాన్ని పాడుచేసినప్పుడు నువ్వు చేసే పనే నాకు నచ్చదు. "వేస్ట్ యాప్" అని రాసి, ఒక్క స్టార్ ఇచ్చి, తీసేస్తావు. అది చదివిన వాళ్లకు నీ కోపం తెలుస్తుందే గానీ, ఎక్కడ సరిచేయాలో తెలియదు. జాకెట్ కుట్టే ఆమె దగ్గరైతే ఇలాగే ఊరుకుంటామా? చంక దగ్గర అరంగుళం వదులు చేయమని వేలు పెట్టి చూపిస్తాం కదా.

పైగా ఇలాంటి యాప్‌లు తయారుచేసే వాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. 'ఆహ్వానం'లో వ వత్తు పక్కకు జరిగినా, 'రాష్ట్రం'లో వత్తులు ఒకదాని మీద ఒకటి పడినా వాళ్ల కంటికి ఆనదు. అక్షరాల మధ్య ఎడం పెంచితే వత్తు విడిపోతుంది. పేరును వంపుగా తిప్పితే 'శ్రీ' కాస్తా 'శ్‌రీ' అవుతుంది. పై వరస వత్తు వచ్చి కింది వరస గుడిని గుద్దుకుంటుంది. ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన కూర్చుంటే చాలు, మన అక్షరానికి పైనా కిందా కూడా చోటు కావాలి. ఆ సంగతి వాళ్లకు చెప్పాల్సింది మనమే.

వివరంగా చెబితే పని జరుగుతుందా అంటావేమో. 2018 ఫిబ్రవరి గుర్తు చేసుకో. 'జ్ఞా' అనే మన అక్షరం, కంటికి కనపడని ఒక గుర్తుతో కలిసి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. కొందరు ప్రోగ్రామర్లు ఊరికే విసుక్కుని వదిలేయలేదు. ఏ అక్షరాలు ఏ వరసలో వస్తే ఇలా అవుతోందో తెలుగుతోపాటు బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా పరీక్షించి రాశారు. ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్‌తో యాపిల్ దాన్ని సరిచేసింది.

అందుకే నువ్వు రాసేటప్పుడు ఫోన్ మోడల్, యాప్ వెర్షన్, ఫాంట్ పేరు తప్పకుండా రాయి. ఏ పదం టైపు చేశావో, ఏ బటన్ నొక్కాక చెడిందో చెప్పు. చెడిన అక్షరం చుట్టూ గీత గీసి స్క్రీన్‌షాట్ పెట్టు, పక్కనే సరైన రూపం కూడా పెట్టు. ఒక ఉత్తరంలో ఒకే లోపం రాయి. ధర ఎక్కువనీ, రంగులు బాలేవనీ అన్నీ కలిపేస్తే అసలు సంగతి అడుగున పడిపోతుంది.

రాసే ముందు ఒక్క పరీక్ష చెయ్యి. అదే పదాన్ని వేరే తెలుగు ఫాంట్‌లో చూడు. రామభద్ర, మల్లన్న, మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక్క ఫాంట్‌లోనే చెడితే లోపం చాలావరకు ఆ ఫాంట్‌ది, అన్నిట్లోనూ చెడితే యాప్‌ది. ఆ ఒక్క మాట రాస్తే వాళ్లకు వెతుకులాట సగం తగ్గుతుంది.

మాట తీరు కూడా చూసుకోవాలి తల్లీ. ఇంక్‌స్కేప్, క్రిటా, గింప్ లాంటి బొమ్మల సాఫ్ట్‌వేర్‌లు ఉచితం, వాటి వెనక స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు. గింప్ 2.10 వచ్చింది 2018లో, 3.0 వచ్చింది 2025లో. అన్నేళ్లు ఓపిక పట్టి చేసినవాళ్లను నీకు నచ్చిన విషయం కూడా చెప్పి పలకరించాలి. డబ్బు తీసుకునే కంపెనీనైతే గట్టిగానే అడుగు, "తెలుగు ఉంది" అని చెప్పి అమ్మినప్పుడు తెలుగు సరిగ్గా రావాల్సిందే. గట్టిగా అడగడం వేరు, తిట్టడం వేరు.

బొమ్మలు గీసే ఏఐ యాప్‌లకూ ఇదే పద్ధతి. బోర్డు మీద తెలుగు పేరు అడిగితే అక్షరాల్లా కనిపించే గీతలేవో గీసిచ్చాయనుకో, లంగా వోణీ అడిగితే చీర కట్టాయనుకో, నువ్వు అడిగిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇచ్చి, వచ్చిన బొమ్మలో ఏది తప్పో చెప్పు. ఎవరి బొమ్మలు చూసి నేర్చుకున్నాయని కూడా నిలదీయి. అడిగే హక్కు బొమ్మలు వేసే ప్రతి అమ్మాయికీ ఉంది.

ఇవాళే నువ్వు వాడే కొత్త యాప్‌లో 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు' అని టైపు చేసి చూడు. చెడితే వాళ్లకు రాసి పంపు. తర్వాతి వెర్షన్ వచ్చాక మళ్లీ చూసి, బాగైతే నువ్విచ్చిన ఆ ఒక్క స్టార్‌ను తప్పకుండా మార్చు.