యూనిట్లు మార్చుటకు ముందు

చి. ల. సౌ. మేనకోడలికి మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు చేరినది. హైదరాబాదులో కూర్చుండి అమెరికా కట్టడముల డ్రాయింగులనుండి క్వాంటిటీలు తీయు కొలువు నీకు దొరకినందులకు సంతోషించితిని. అడుగులలోను అంగుళములలోను ఉన్న ఆ కొలతలను మీటరులలోనికి మార్చినప్పుడు లెక్క ఒకనాడు కుదురుచు, ఒకనాడు బెడిసికొట్టుచున్నదని నీవు వ్రాసిన భాగమును నిదానించి చదివితిని. యూనిట్ల పెట్టెలో ఒక పేరు తీసి మఱియొక పేరు పెట్టినచో పని ముగిసినట్లేయని నీ ప్రక్క సీటువారు చెప్పిరట. ఈ ఒక్క విషయమున వారి మాట వినకుము.

ఆటోకాడ్ వంటి సాధనమునకు అడుగు తెలియదు, మీటరు తెలియదు. అది ఎఱిగినది అంకె యొక్కటే. 3000 నిడివిగల గీతను అది 3000గానే దాచుకొనును. గీచినవాడు మిల్లీమీటరులు తలంచెనా, అంగుళములు తలంచెనా యన్నది వాని మనస్సులోని సంగతి. యూనిట్స్ అను ఆజ్ఞ నిచ్చి 'ఆర్కిటెక్చరల్' అను పద్ధతిని ఎన్నుకొన్నంతనే, ఆ పద్ధతి ఒక యూనిట్టును ఒక అంగుళముగా ఎంచునది గనుక, మూడు మీటరుల గోడ 250 అడుగుల గోడయై తెరమీద నిలుచును. గోడ పెరగలేదు, దానిని చదువు తీరు మారినది. అదే పెట్టెలో క్రింద నుండు 'ఇన్సర్షన్ స్కేలు'ను మార్చినను, ఇతర డ్రాయింగులు దీనిలోనికి వచ్చునప్పుడు ఏ నిష్పత్తిలో రావలెనో నిర్ణయించుటకే తప్ప, అప్పటికే ఉన్న గీతల జోలికి అది పోదు. అంగుళముల డ్రాయింగును నిజముగా మిల్లీమీటరుల డ్రాయింగుగా చేయవలెననినచో మొత్తమును 25.4 రెట్లు స్కేలు చేయవలసినదే. ఆ పని చేసిన పిదప క్రొత్తగా వేయు హ్యాచింగు గీతలు ముద్దగా నల్లబడినను, అసలు కనబడకపోయినను కంగారుపడకుము. మెజర్‌మెంట్ అను చరరాశి 0 అయినచో ఇంపీరియల్ నమూనాలను, 1 అయినచో మెట్రిక్ నమూనాలను ఆ సాధనము తెచ్చుకొనును, అంతే.

నన్నడిగినచో, రెండు పద్ధతుల నడుమ జరుగు పొరపాటులకంటె అడుగుల కుటుంబములోనే జరుగునవి మోసకారివి. అమెరికాలో ఆర్కిటెక్టు తన ప్లానును అంగుళములలో గీయును. స్థలమును, రోడ్డును, మురుగుకాలువను గీయు సివిల్ ఇంజనీరు అడుగులలో గీచి, అడుగును దశాంశములుగా విభజించును. ఒకదానిని మఱియొకదానిమీద పఱచినప్పుడు పన్నెండు రెట్ల భేదము వచ్చును గాని, అది కంటికి కొట్టవచ్చినట్లు కనబడును గనుక దానితో భయము లేదు. ఐదడుగుల మూడంగుళములను పట్టికలో 5.3 అని వేయువారితోనే భయము. అది 5.25 కదా! వరుసకు ఇంత చొప్పున వంద వరుసలలో పేరుకొన్న తప్పును ఎవరును పట్టలేరు. ఇక సర్వే అడుగు అని మఱియొకటి కలదు. అంగుళమును సరిగా 25.4 మిల్లీమీటరులుగా 1959లో కొన్ని దేశములు కలిసి స్థిరపఱచుకొన్న తరువాతను, అమెరికా సర్వేయరులు మీటరులో 3937వ వంతులు 1200 గల తమ పాత అడుగును విడువక, 2022 సంవత్సరాంతము వఱకు అధికారికముగానే వాడుచు వచ్చిరి. రెంటికిని భేదము పది లక్షలకు రెండు పాళ్లు. ఇంటిగోడ విషయమున అది లెక్కలోనికే రాదు. కాని ఎక్కడో దూరమున నున్న మూలబిందువునుండి ఇరువది లక్షల అడుగులు లెక్కించి హద్దురాయిని గుర్తించునప్పుడు నాలుగడుగులు తప్పిపోవును. పాత స్థలపు ప్లానులు నీ బల్లమీదికి వచ్చినప్పుడు ఏ అడుగో కనుగొనుము.

పీడీఎఫ్ రూపమున వచ్చు ప్లానులను బ్లూబీమ్ వంటి సాధనములో కొలుచునప్పుడు స్కేలును మనమే చెప్పవలెను. అడుగునకు అంగుళములో ఎనిమిదవ వంతు అనగా 1:96. మనకు అలవాటైనది గనుక దగ్గఱగానే యున్నదని 1:100 ఎన్నుకొనువారు కలరు. అట్లు చేసినచో పొడవు నూటికి నాలుగు హెచ్చును, వైశాల్యము నూటికి ఎనిమిదిన్నర హెచ్చును. స్లాబు మందమును మనము విడిగా టైపు చేయుదుము గనుక కాంక్రీటును ఆ ఎనిమిదిన్నరే హెచ్చును. ఆ డబ్బు ఎవరిది? పైగా మూలలో వ్రాసిన స్కేలునైనను గ్రుడ్డిగా నమ్మరాదు: 24 అంగుళములకు 36 అంగుళముల షీటును సగమునకు కుదించి పంపినచో, వ్రాత 1:96 అనియే చెప్పుచుండును, షీటు 1:192 అయి కూర్చుండును. అందుచేత షీటుమీద వ్రాసియున్న కొలతలలో మిక్కిలి పొడవైనదానిని పట్టుకొని క్యాలిబ్రేట్ చేయుము. పొట్టి కొలత తీసికొన్నచో మౌసు వెండ్రుకవాసి జరిగినను తప్పు పెద్దదగును. అడ్డముగా చేసినదానిని నిలువున మఱియొక కొలతతో సరిచూడుము. స్కాను చేసిన షీటు ఒకవైపు సాగియుండుట కలదు.

తరువాత, డ్రాయింగు ఏ కొలమానమున పుట్టినదో అందులోనే లెక్క అంతయు నడిపి, మొత్తము తేలిన పిమ్మట ఒకేసారి మార్చుము. వరుసవరుసకు మార్చి, వరుసవరుసకు సవరించినచో ఆ సవరింపులన్నియు కూడి మొత్తమును చెఱచును. చదరపు అడుగును 0.0929తోను, ఘనగజమును 0.7646తోను హెచ్చింపవలెను. వైశాల్యమునకు 0.3048 వాడి వేయి చదరపు అడుగులను 305 చదరపు మీటరులుగా చూపించువారు నేటికిని లేకపోలేదు. అది 93 మాత్రమే.

అమెరికావారు అడుగులను పట్టుకొని వ్రేలాడుచున్నారని నీ జాబులో కొంచెము ఎగతాళి కనబడినది. మన దేశమున మెట్రిక్ తూనికలు, కొలతలు 1958 అక్టోబరు 1 నుండి అమలులోనికి రాసాగినవి. అయినను ఇంటిస్థలమును గజములలోను, ఫ్లాటును చదరపు అడుగులలోను, పొలమును ఆంధ్రమున సెంట్లలోను తెలంగాణమున కుంటలలోను నేటికిని బేరమాడుచునే యున్నాము. మన తొమ్మిదంగుళముల గోడ 228.6 మిల్లీమీటరులు కాగా డ్రాయింగులో 230 అని వేయుదుము. ఇది మేస్త్రీకిని మనకును నడుమ కుదిరిన ఒప్పందము. అదే స్వేచ్ఛను పరుల డ్రాయింగుమీద తీసికొనరాదు. మూడడుగుల తలుపును 914 అని వ్రాయవలెను. మన బజారులో 900 దొరకునని 900 వేయరాదు. ఇనుము విషయమున ఇది మఱియు ముఖ్యము. అమెరికావారి నాలుగవ నెంబరు కడ్డీ యనగా అంగుళములో నాలుగు ఎనిమిదవ వంతులు, 12.7 మిల్లీమీటరులు. దానిని మన 12 మిల్లీమీటరుల కడ్డీగా దించినచో ఉక్కు నూటికి పదికి పైగా తగ్గిపోవును. అట్లు దించు అధికారము స్ట్రక్చరల్ ఇంజనీరుకే గాని క్వాంటిటీలు తీయువారికి లేదు.

ప్రతి పట్టిక నెత్తిన షీటు నెంబరును, అది పుట్టిన కొలమానమును, ఏ కొలతతో క్యాలిబ్రేట్ చేసితివో ఆ సంగతిని ఒక వరుసగా వ్రాయు అలవాటు చేసికొనుము. మీ పైవారు అడుగలేదని మానకుము. ఆఱు నెలల తరువాత తగవు వచ్చినప్పుడు ముందుగా వెదకునది ఆ వరుసనే. పండుగకు వచ్చునప్పుడు నీకు తేలని షీటు ఏదైన ఉన్నచో, ఆఫీసువారు సమ్మతించినచో తెమ్ము, కలిసి చూతము. అక్కయ్యను, బావగారిని అడిగితినని చెప్పుము.

ఇట్లు,
మీ మామయ్య