ఆయాసానికి సర్దుకుపోకు

చి.సౌ. అమ్ములుకి మేనత్త దీవించి రాసేది.

మొన్న పండక్కి వచ్చినప్పుడు నిన్ను గమనిస్తూనే ఉన్నాను. తడిబట్టల బకెట్టు పట్టుకుని డాబా మీదికి వెళ్తూ మెట్ల మలుపులో ఆగావు. బకెట్టు కింద పెట్టి ఫోన్ తీసి చూసుకున్నావు. ఎవరూ ఫోన్ చేయలేదు, ఊపిరి కూడదీసుకోవడానికి అదొక నెపం. అన్నవరంలో అందరం మెట్లెక్కుదామంటే "పిల్లాడు నడవలేడత్తా" అని వాణ్ని తీసుకుని బస్సెక్కావు. వాడేమో కొండ మీద ఒక్కచోట నిలవకుండా పరుగులు పెట్టాడు. నిలదీసి అడిగితే "ఒళ్లొచ్చింది, వయసూ వస్తోంది కదా" అని నవ్వేశావు. ముప్ఫై దాటి నాలుగేళ్లు కాలేదు, అప్పుడే వయసేమిటే!

నా ఉద్యోగమంతా సర్కారు ఆసుపత్రి వార్డుల్లోనే గడిచిందని నీకు తెలుసు. ఆయాసం చాలామందికి చెప్పా పెట్టకుండా రాదు. మెల్లగా వస్తుంది, మనమూ మెల్లగా పనులు తగ్గించుకుంటూ పోతాం. మెట్లు మానేసి లిఫ్టు ఎక్కుతాం, బజారుకి ఆటోలో వెళ్తాం, బరువులు ఇంకొకరి చేత మోయిస్తాం. పని తగ్గాక ఆయాసం కనపడదు కాబట్టి బాగానే ఉన్నామనుకుంటాం. అందుకే డాక్టర్లు దీన్ని పనితోనే కొలుస్తారు. బాగా కష్టపడితే తప్ప ఆయాసం రాకపోతే సున్నా గ్రేడు. గబగబా నడిచినా, కొంచెం ఎత్తు ఎక్కినా వస్తే 1. సమతలం మీద తోటివాళ్లతో సమానంగా నడవలేకపోతే 2. వంద మీటర్లకే ఆగాల్సివస్తే 3. బట్టలు మార్చుకున్నా ఎగపోస్తే 4. నువ్వెక్కడున్నావో నిజాయితీగా చూసుకో.

డాక్టరు దగ్గర "ఆయాసంగా ఉంటోందండీ" అని చెప్పి ఊరుకోకు. నిరుడు ఏ పని తేలిగ్గా చేసేదానివో, ఇప్పుడు ఏది మానేశావో చెప్పు. ఎన్ని మెట్లకి ఆగుతున్నావో చెప్పు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నావా, ఒక దిండు సరిపోయేది కాస్తా రెండు కావాల్సివస్తోందా, సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయా, గుండె దడ, దగ్గు, పిల్లికూతలు ఉన్నాయా అన్నవి చూసుకుని వెళ్లు. నెలసరి ఎన్ని రోజులు, ఎంత ఎక్కువగా అవుతోందో మొహమాటపడకుండా చెప్పు. వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకెళ్లు. అక్కడికి వెళ్లాక సగం మర్చిపోతాం కాబట్టి ముందే ఒక కాగితం మీద రాసుకో.

మొదట స్పెషలిస్టుల చుట్టూ తిరగక్కర్లేదు, మంచి జనరల్ ఫిజీషియన్ చాలు. నాడి, బీపీ చూసి, గుండె, ఊపిరితిత్తులు స్టెతస్కోపుతో విని, రక్తపరీక్ష (సీబీపీ), ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, అవసరమనుకుంటే థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు రాస్తారు. నాకు ముందుగా రక్తహీనత మీదే అనుమానం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి అది ఉంది. గర్భంతో లేని ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క.

కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటరు వేలికి పెట్టుకుని "98 చూపిస్తోంది, నాకేం కాలేదు" అన్నావు చూడు, అక్కడే పొరబడ్డావు. రక్తంలో ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి ఆక్సిజన్ పట్టిందో అది చెబుతుంది. అసలు హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పదు. ఏడు గ్రాములే ఉన్నా 98 చూపించగలదు.

అలాగని రక్తహీనతేనని నువ్వే తేల్చేసుకుని మందుల షాపులో ఐరన్ మాత్రలు కొనుక్కుని ఊరుకోకు. రక్తం ఎందుకు తగ్గిందో తెలియాలి. గర్భసంచిలో గడ్డలున్నా తగ్గుతుంది, కడుపులో కొంకిపురుగులున్నా తగ్గుతుంది. డాక్టరు ఐరన్ రాస్తే నిమ్మరసంతో వేసుకో. కాఫీ, టీలతో పాటు వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు.

గుండె కవాటం సంగతీ మర్చిపోవద్దు. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత కీళ్లవాపు జ్వరం వచ్చిన కొందరికి ఏళ్లు గడిచాక కవాటం సన్నబడుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది కాబట్టి అప్పటిదాకా దాగిన జబ్బు ఆయాసంగా బయటపడుతుంది. "కడుపుతో ఉంటే ఆయాసం మామూలే" అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తే, ఊపిరాడని స్థితిలో వార్డుకి తెచ్చేవాళ్లు. కవాటం సంగతి తేలాలంటే టూడీ ఎకో చేయాలి, ఈసీజీ ఒక్కటే చాలదు. ఆస్తమా అనుమానముంటే గొట్టంలోకి ఊదించి చూస్తారు. ఇన్‌హేలర్ రాస్తే "అలవాటైపోతుంది" అనే మాటలు చెవిన పెట్టకు. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, కొద్ది మోతాదే సరిపోతుంది.

ఎవరైనా "టెన్షన్ అంతే" అంటే నొచ్చుకోకు, ఒప్పేసుకోకు. ఆందోళనతోనూ ఊపిరి అందనట్టు ఉండడం నిజమే. కానీ మిగతా కారణాలు లేవని తేలాక అనాల్సిన మాట అది. నీరసమని వీధి చివర క్లినిక్‌లో సెలైన్ ఎక్కించుకోవడం అసలే వద్దు. గుండె గానీ కిడ్నీలు గానీ బలహీనంగా ఉంటే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం ముదురుతుంది.

కూర్చున్నచోటే ఎగపోసినా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పెదాలు నీలంగా మారినా, స్పృహ తప్పినా, దగ్గితే రక్తం పడినా, ఒక్క కాలి పిక్కే వాచి ఉన్నట్టుండి ఆయాసం మొదలైనా, అపాయింట్‌మెంట్ల కోసం చూడకు. వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

శనివారం నీకు సెలవే కదా. పిల్లాణ్ని అల్లుడుగారికి అప్పగించి పొద్దున్నే వెళ్లు. రిపోర్టులు ఫొటో తీసి నాకు పంపు. ఇంటిల్లిపాది ఒంట్లో ఎలా ఉందో కనిపెట్టుకుని ఉండేదానివి, ఈ ఒక్కసారి నీ ఒంటి సంగతి చూసుకో తల్లీ.

ఇట్లు,
మీ మేనత్త