దీపం కిటికీలో పెట్టించండి

ప్రశ్న: మా అబ్బాయి జెరూసలేంలో పరిశోధన చేస్తున్నాడు. అక్కడే యెషివాలో, అంటే యూదుల మతపాఠశాలలో, చదువుకుంటున్న వాడి స్నేహితుడు, అమెరికా యూదుల పిల్లవాడు, డిసెంబరులో మా ఇంటికొచ్చి నాలుగు రోజులు ఉంటాడట. అప్పుడు వాళ్లకు హనుక్కా, రోజూ దీపాలు పెట్టుకోవాలట. మా పూజగదిలో పెట్టుకోమందామనుకుంటున్నాను. ఏం వండిపెట్టాలో కూడా చెప్పండి.
- ఒక గృహిణి, విజయవాడ

జవాబు: మీ మనసు మంచిదేనమ్మా, కానీ పూజగది వద్దు. ఈ పండుగ పుట్టిందే గుడిలో పరాయి దేవుణ్ణి పెట్టిన గొడవలో. క్రీ.పూ. 167లో సిరియాను ఏలే గ్రీకు రాజు నాలుగో అంతియోకస్ జెరూసలేం దేవాలయంలో జ్యూస్ దేవుడి పూజ మొదలుపెట్టించాడు. మక్కబీలనే యూదు వీరులు తిరగబడి, మూడేళ్లకు గుడిని దక్కించుకుని శుద్ధి చేశారు. ఒక్కరోజుకు సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందని యూదుల ధర్మగ్రంథం తాల్ముద్ చెబుతుంది. అలాంటి దీపాన్ని విగ్రహాల ముందు పెట్టమంటే, ఆ పిల్లవాడు కాదనలేక, ఔననలేక నలిగిపోతాడు.

వీధి వైపు కిటికీ చూపించండి. నలుగురికీ కనబడటమే ఆ దీపం పని. దాని వెలుగులో చదవకూడదు, కూరలు తరగకూడదు. అందుకే పక్కన షమాష్ అని ఒకటి అదనంగా వెలిగిస్తారు. తొలిరాత్రి ఒక దీపం, మర్నాడు రెండు, అలా ఎనిమిదో రాత్రికి ఎనిమిది. చీకటి పడ్డాక అరగంటైనా వెలగాలి. ఆ కాసేపూ ఫ్యాను ఆపి, కర్టెన్ పైకి ముడేయండి.

2026లో పండుగ డిసెంబరు 4, శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు. అంతసేపూ అతను నిప్పు ముట్టించడు, బండెక్కడు. అందుకని శుక్రవారం దీపాన్ని పొద్దుండగానే, నూనె ఎక్కువ పోసి పెట్టేస్తాడు. శనివారం అమరావతి చూపిద్దామని మీరు కారు మాట్లాడకండి.

ఇక తిండి. నూనెలో వేయించినవే ఈ పండుగ వంటలు. ఇజ్రాయెల్‌లో జామ్ పెట్టిన సుఫ్గానియోత్, అమెరికా ఇళ్లలో బంగాళాదుంప లాట్కెలు. మీ గారెలు వరసకు బాగానే కలుస్తాయి గానీ, మీరు వాడే గిన్నెల్లో వండితే అతను ముట్టడు. కోషర్ అనే వాళ్ల ఆహార నియమం అలాంటిది. మడి కట్టుకునే పెద్దవాళ్లను చూసిన ఇల్లే కదా మీది, మొహం చిన్నబుచ్చుకోకండి. కొత్త మూకుడు, కొత్త చట్రం, తెరవని నూనె ప్యాకెట్ సిద్ధంగా ఉంచి, ప్యాకెట్ అతనికి చూపించి, పొయ్యి అతన్నే వెలిగించమనండి. అప్పటికీ వద్దంటే అరటిపళ్లు, బత్తాయిలు, కొబ్బరిబొండాలు ఉండనే ఉన్నాయి. పళ్లు కోయకుండా ఇవ్వండి.

అన్నట్టు, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం వారున్నారు. తెలుగు మాట్లాడుతూ యూదుల పండుగలు చేసుకుంటారు. ఆ పిల్లవాడికి చెప్పి చూడండి, వెళ్దామంటాడేమో.

ప్రశ్న: యెషివా విద్యార్థులకు హనుక్కాకు సెలవులుండవా? హాస్టల్లో అందరికీ కలిపి ఒకే దీపమా? మా వార్డెన్ దీపావళికి ఒక్క ప్రమిద కూడా పెట్టనివ్వడు.
- ఎం.ఏ. విద్యార్థి, హైదరాబాద్

జవాబు: పెద్ద సెలవులుండవు. శీతాకాలపు చదువు వసంతంలో వచ్చే పస్కా పండుగ నెల దాకా సాగుతుంది. సాయంత్రం పుస్తకం మూసి, దీపం వెలిగించి, పాడుకుని మళ్లీ బల్ల దగ్గరికి వెళ్తారు. దూరదేశాల నుంచి వచ్చిన కుర్రాళ్లకు ఇల్లు గుర్తొచ్చేది ఆ అరగంటలోనే అనుకుంటాను.

ఇల్లు వదిలి చదువుకునేవాడి సంగతి తాల్ముద్‌లోనే ఉంది. యూదు మతగురువు రబ్బీ జేరా సుమారు 1,700 ఏళ్ల కిందటివాడు. గురువు దగ్గర చదువుకునే రోజుల్లో, బస ఇచ్చినవారికి చిల్లర డబ్బులిచ్చి వాళ్ల నూనెలో భాగం తీసుకునేవాణ్ణని చెప్పాడు. పెళ్లయ్యాక ఆ అవసరం లేకపోయిందట, ఇంట్లో భార్య వెలిగిస్తుంది గనుక. అతిథి కూడా ఊరికే చూస్తూ కూర్చోకూడదన్నమాట. నాకు ఈ పండుగలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

ఇప్పుడు మధ్య, తూర్పు యూరప్ మూలాల అష్కెనాజీ కుర్రాళ్లు ఎవరి దీపం వారే పెడతారు. స్పెయిన్, మధ్యప్రాచ్య మూలాల సెఫార్దీలలో ఇంటికొక్కటే ఆనవాయితీ, అందుకని వాళ్ల పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు పెట్టిన దీపమే తమదనుకుంటారు. దీపం తినేచోట పెట్టాలా, పడుకునేచోట పెట్టాలా అన్నది ఇంకో వాదం, పండితులు రెండు మాటలూ అన్నారు. మనిషికి షమాష్‌తో కలిపి ఎనిమిది రాత్రులకూ 44 వత్తులు. ముప్పైమంది ఉంటే చివరి రాత్రి ఒక్కసారే 270 మంటలు! మీ వార్డెన్ అక్కడ ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయలేడు. జెరూసలేంలో గుమ్మం బయట, గాలికి ఆరిపోకుండా గాజుపెట్టెల్లో పెట్టే అలవాటుంది. గదుల్లో మంచాల పక్కన పెట్టడం కన్నా అది నయం.

ప్రశ్న: నేను ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌ని. నేను చూసుకునే పెద్దాయన మనవడు అమెరికాలో యెషివాలో చదువుతూ పండుగ మధ్యలో వస్తున్నాడు. ఒక రాత్రంతా విమానంలోనే. ఆ రాత్రి దీపం సంగతేమిటని ఇంట్లో ఒకటే చర్చ.
- నిజామాబాద్ సోదరి, నెతన్యా

జవాబు: విమానంలో నిప్పు కుదరదు. చిన్న బల్బు వెలిగించి ఆశీర్వచనం చదవకుండా ఊరుకోమనేవాళ్లున్నారు, ఇంటి దగ్గర తల్లిదండ్రులు పెట్టింది చాలనేవాళ్లూ ఉన్నారు. ఆ అబ్బాయి రబ్బీ ఏమంటే అదే. తెల్లవారకముందే ఇల్లు చేరితే, ఇంటివాళ్లలో ఒక్కరైనా మేలుకుని ఉంటే అప్పుడు ఆశీర్వచనంతో వెలిగించుకోవచ్చు. కాబట్టి నూనె, వత్తులు సర్ది పెట్టి, తలుపు తీయడానికి మీరూ, ఇంటివాళ్లలో ఒకరూ మేలుకుని ఉండండి. అగ్గిపెట్టె సూట్‌కేసులో పెట్టుకు రావొద్దని ఫోన్ చేసి చెప్పండి.